జీర్ణోద్ధరణము – శేషత్వము

పాడుపడిన దేవాలయమును బాగుచేయించుట క్రొత్త దేవాలయమును కట్టించుటకంటె మిన్న యని పెద్దలు చెప్పుదురు. ఆగమములు ఈ కార్యమునకు జీర్ణోద్ధరణమని పేరిడి, దానికొక విధిని ఏర్పరచినవి. గోపురమున మొలచిన రావిమొక్కను పెరికించుట మొదలు గర్భాలయమున పీఠబంధనమును సరిచేయుట వరకు ఏ పనికి ఏ అనుజ్ఞ కావలెనో, ఆ పని జరుగునపుడు స్వామి ఎక్కడ వేంచేసి యుండవలెనో అందు చెప్పబడినది. ఆ విధిలో గమనింపదగిన విశేష మొకటి కలదు. పనిని ఎట్లు ఆరంభింపవలెనో చెప్పిన శాస్త్రము, ఎక్కడ ముగింపవలెనో కూడ అంతే శ్రద్ధతో చెప్పినది.

ఇండ్లలో జరుగు చిన్న జీర్ణోద్ధరణములకు అట్టి శాస్త్రము లేదు. తాతగారి వీణకు మెట్లు వేయించువారు, అమ్మమ్మగారి ఇత్తడి గంగాళమునకు మాటు వేయించి కళాయి పూయించువారు, అటుకమీద మూలబడిన ఊయలబల్లను దింపి గొలుసులు కట్టువారు మనలో ఎందరో కలరు. కొంతకాలముగా పాత కార్లను బాగుచేయువారును ఈ వరుసలో చేరిరి. వీరందరికి పని ఎక్కడ మొదలిడవలెనో తెలియును. ఎక్కడ ముగియునో తెలియదు. ఆ తెలియకపోవుటలో ఒక ధర్మసూక్ష్మము దాగియున్నది. దానిని విచారించుటకు ఒక చిన్న కారును ఉదాహరణముగా గ్రహించుట దేవాలయ పత్రికలో వింతగా తోచవచ్చును. కాని రథమును విడిచి మన వేదాంతము ఏనాడు నడిచినది?

దేశమున చాలకాలము రెండు మూడు రకముల కార్లు మాత్రమే దొరకుచుండెను. వానిలో చిన్నది, పొందికైనది ఫియట్. 1944లో వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ, ఇటలీ దేశపు ఫియట్ సంస్థ అనుమతితో, బొంబాయిలోని కుర్లా కర్మాగారమున దీనిని తయారుచేసినది. 1964 నుండి 1100 డిలైట్ అను పేరుతో వెలువడిన నమూనా 1970 దశకమున ప్రీమియర్ పద్మిని యైనది. 2000 ప్రాంతమున దాని తయారీ నిలిచిపోయినది. నాలుగు సిలిండర్లతో 1089 ఘనసెంటీమీటర్ల ఇంజను, స్టీరింగు చక్రము క్రిందనే అమర్చిన గేరుకడ్డీ, నాలుగు మీటర్లకు లోబడిన పొడవు – ఇంతే ఆ బండి. అయినను ముందుగా సొమ్ము కట్టి, సంవత్సరముల తరబడి వేచియుండి, తమ వంతు వచ్చిన నాడు పండుగ చేసికొన్న కుటుంబములు వేలకొలది. నల్లని ఒడలు, పసుపుపచ్చని పైకప్పుతో బొంబాయి వీధులలో టాక్సీగా తిరిగిన పద్మిని 2023 అక్టోబరుతో అక్కడ విరమించుకొన్నది. పద్మిని యనునది శ్రీమహాలక్ష్మి అష్టోత్తరశతనామములలో ఒకటి. ఆ పేరు పెట్టినవారి ఉద్దేశ మేదైనను, ముంగిట నిలిచిన బండికి పసుపుకుంకుమ లుంచి హారతి ఇచ్చిన ఇల్లాలు దానిని లక్ష్మిగా తలచినచో తప్పు పట్టువారు ఎవరు?

ఈ బండితో తీర్థయాత్రలకును గట్టి సంబంధము కలదు. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లోను, రెండవది 1974లోను ఏర్పడినవి. ఎక్కుడు దారిలో, మండుటెండలో, ఇంజను వేడికి పెట్రోలు గొట్టములోనే ఆవిరియై, పంపునకు అందక బండి ఆగిపోవుట ఫియట్ కార్లకు తెలిసిన బలహీనత. డ్రైవరు దిగి పెట్రోలు పంపుపై తడిగుడ్డ కప్పును. అది చల్లారువరకు లోనివారు చెట్టునీడను కూర్చుండి గోవిందనామము చెప్పుకొందురు. ఆ కాలపు యాత్రికులకు ఇది విసుగు కలిగించిన జ్ఞాపకము కాదు. కొండ ఎక్కుటలో అదియు నొక మెట్టు.

అట్టి బండి ఒకటి ఏలూరు వంటి పట్టణమున తండ్రి అనంతరము కుమారునకు సంక్రమించినదని ఊహించుకొనవచ్చును. ఇట్టి ఇండ్లు అనేకము కలవు గనుక ఇది పెద్ద ఊహయు కాదు. పెరటిలో మామిడిచెట్టు క్రింద టార్పాలిను కప్పుకొని కొన్నేండ్లు పడియున్న బండిని కుమారుడు ఒకనాడు షెడ్డులోనికి నెట్టించెను. తుప్పు ఎప్పుడును నీరు నిలుచు చోటనే పుట్టును. తలుపుల అడుగు అంచులు, అద్దముల చుట్టునున్న రబ్బరు క్రిందిభాగము, కాళ్లు పెట్టుకొను చోటి రేకు – ఇవి దానికి ఇష్టమైన తావులు. పైకి కనబడునది రూపాయబిళ్లంత యుండును. చాప ఎత్తి చూచినచో పళ్లెమంత యుండును. పూర్వము ఎవరో తుప్పుపైననే పుట్టీ పులిమి రంగు వేయించి యుండిరి. అట్టి పని ఒకటి రెండు వానకాలములు నిలిచి, పిదప పొక్కులుగా లేచును. కావున మంచి ఇనుము తగులు వరకు చెడిన రేకును కోసివేసి, క్రొత్త రేకును వెల్డింగు చేయవలసి వచ్చినది. ఎంత కోయవలెనో తెలిసిన పనివాడు దొరకుటయే భాగ్యము. భయపడి తక్కువ కోసినచో తుప్పు మిగులును, ఉత్సాహపడి ఎక్కువ కోసినచో బండి మిగులదు.

ఇంజనును విప్పి, ప్రతి మరను కిరసనాయిలులో కడిగి, ఏ బోల్టు ఎక్కడిదో చీటీలు కట్టి డబ్బాలలో పెట్టిరి. అరిగిన సిలిండర్లను బోరు చేయించి, ఆ కొలతకు సరిపోవు పిస్టన్లను, రింగులను వెదకిరి. కర్మాగారము మూతపడిన బండికి విడిభాగములు అంగడిలో దొరకవు. చెన్నైలో పాత మోటారు సామానునకు పేరుపొందిన పుదుపేట వంటి చోట్ల, గుట్టలలో వెదకుకొనవలెను. గేరుకడ్డీకి సంబంధించిన చిన్న బుషులకొరకు నెలలు గడచినవి. తీగెలు మార్చిరి, సీట్లు కుట్టించిరి, రంగు వేయించిరి. నాలుగేండ్లు గడచినవి. వెనుక సీటు ఊడదీసిన దినమున దాని క్రింద ఎండిపోయిన తులసిదళములు, కుంకుమపొట్లము, అక్షరములు చెరిగిన అర్చన చీటీ దొరకినవి. కుమారుడు వానిని కడిగిన డబ్బాలో పెట్టి దాచుకొనెను.

ఇంక చేయవలసిన పని లేదు. అయినను బండి షెడ్డు దాటలేదు. ముందు తగిలించిన పేరు అచ్చు తయారీనాటిది కాదనియు, అసలుది దొరకవలెననియు ఒక నెల. రంగు అరవన్నె ముదురైనదని మరియొక నెల. మెకానికు వచ్చి ఇంజను నడిపించి చూచి, బయటికి తీయవచ్చునని చెప్పిపోవుచుండెను. యజమాని తలయూపి, మెత్తనిగుడ్డతో బానెటును తుడుచుచుండెను. తల్లిగారికి మోకాళ్ల నొప్పులు. బస్సు మెట్టు ఎక్కలేరు. ఆటోలో కుదుపునకు ఓర్వలేరు. ద్వారకాతిరుమల చిన్నవేంకటేశ్వరుని చూడవలెనని ఆమె అడుగుచునే యుండిరి. పని కొంచెము మిగిలినదమ్మా యని కుమారుడు చెప్పుచునే యుండెను.

ఇందు దోషమెక్కడ? ఆ కుమారుడు దుర్మార్గుడు కాడు, సోమరి కాడు. తల్లిని ప్రేమింపనివాడును కాడు. అతడు చెప్పునది అబద్ధమును కాదు. వెదకినచో పని ఎప్పుడును కొంచెము మిగిలియే యుండును. అందుచేతనే ఈ ప్రశ్న విచారింపదగినది.

అతని మనస్సున మొదట మెదలినది ఇది: ఇది నాన్నగారి బండియేనా? అడుగు రేకు క్రొత్తది, పిస్టన్లు క్రొత్తవి, తీగెలు, సీట్లు, రంగు అన్నియు క్రొత్తవి. మిగిలినదేమి? మోటారు వాహనముల కార్యాలయమున ఈ ప్రశ్నకు సులభమైన సమాధానము కలదు. ఉక్కుపై ముద్రించిన నంబరు కాగితములోని నంబరుతో సరిపోయినచో బండి అదియే. కేంద్ర మోటారు వాహన నియమములను 2021లో సవరించినపుడు ఈ విషయమై మరికొంత సూక్ష్మముగా చెప్పిరి. ఏబదియేండ్లు దాటిన బండిని వింటేజి వర్గమున నమోదు చేయించుకొనవలెనన్నచో, అది తొలిరూపమున ఉండవలెను. చట్రము, ఒడలు, ఇంజను – వీనికి పెద్ద మార్పులు జరిగి యుండరాదు. ప్రభుత్వము కూడ తత్త్వవిచారము చేయవలసి వచ్చినదన్న మాట.

తత్త్వవేత్తలు ఈ ప్రశ్నను రథముతోనే విచారించిరి. బౌద్ధుల మిళిందప్రశ్నములో నాగసేనుడు మిళిందరాజును, నీవు వచ్చిన రథమేది? ఇరుసా, చక్రములా, నొగలా? అని ఒక్కొక్క భాగమును చూపి అడుగును. ఏదియు రథము కాదని రాజు ఒప్పుకొనగా, రథమనునది వట్టి వ్యవహారనామమనియు, మనిషియు అట్టివాడే యనియు తేల్చును. కఠోపనిషత్తులోను రథమున్నది. శరీరము రథము, బుద్ధి సారథి, మనస్సు పగ్గము, ఇంద్రియములు గుఱ్ఱములు. కాని ఉపనిషత్తు ఆ వరుసలో మొట్టమొదట చెప్పినది రథికుని. నాగసేనుడు నిలిచియున్న రథమును బయటినుండి చూచి భాగములు లెక్కించెను. యముడు నచికేతునకు నడచు రథమును చూపి, అందున్నదెవరో, అది పోవలసిన చోటేదో చెప్పెను. ఆ చోటు విష్ణువుయొక్క పరమపదము. భాగములు మారినను రథము అదియేనా యను ప్రశ్నకు వైష్ణవ సిద్ధాంతమున అంత తొందర లేదు. ఎవరు ఎక్కుటకు, ఎక్కడికి పోవుటకు అనునది ముందు తెలియవలెను.

భగవద్రామానుజులు శరీరమను మాటకు చెప్పిన లక్షణము ఇచ్చట స్మరింపదగినది. ఒక చేతనుని చేత భరింపబడుచు, నియమింపబడుచు, ఆ చేతనునకే శేషమైయుండు ద్రవ్యము అతనికి శరీరము. ఇందు ఆకారము ప్రసక్తి లేదు, ఏ భాగములతో చేయబడినదను ప్రసక్తియు లేదు. ఎవరికొరకు ఉన్నది? అనునదే లక్షణము. శేషమనగా నేమో వేదార్థసంగ్రహమున వారే వివరించిరి. ఇతరునకు అతిశయము కలిగింపవలెనను కోరికతో గ్రహింపబడుటయే దేనికి స్వరూపమో, అది శేషము. ఆ ఇతరుడు శేషి. సర్వచేతనాచేతనములు శేషములు, శ్రీమన్నారాయణుడొక్కడే శేషి యని సిద్ధాంతము. యామునాచార్యులు స్తోత్రరత్నమున ఆదిశేషుని కీర్తించుచు, స్వామికి ఇల్లుగా, పడకగా, ఆసనముగా, పాదుకలుగా, వస్త్రముగా, తలగడగా, గొడుగుగా మారుటచేతనే ఆయనకు శేషుడను పేరు తగియున్నదని తెలిపిరి. ఎన్ని రూపములు మారిననేమి? ఆయన శేషుడు కాకపోయినది ఎన్నడు?

లోకములోని వస్తువులకు ఇది చిన్న పాళ్లలో వర్తించును. నాన్నగారు ఆ బండిని కొన్నది తాను ఊరేగుటకు కాదు. పిల్లలను బడికి, పెద్దలను ఆసుపత్రికి, అందరిని సంవత్సరమున కొకమారు కొండకు తీసికొనిపోవుటకు. సీటు క్రింద దొరకిన అర్చన చీటీ ఆ బండికి నిజమైన నంబరు. రేకులన్నియు పాతవే యుండి, పనిలేక అద్దపుగదిలో నున్నచో అది నాన్నగారి కారు రూపము మాత్రమే. రేకులు మారినను అదే పని చేయుచున్నచో అది నాన్నగారి కారు.

ఇచ్చట ఒక ఆక్షేపమునకు తావున్నది. పాతవస్తువును జాగ్రత్తగా దాచి చూపుట తప్పా? తప్పు కాదు. హైదరాబాదు చౌమహల్లా భవనమున నిజాముగారి కొరకు 1912లో తయారైన పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారు ప్రదర్శనలో నున్నది. అది సింహాసనపు బండి. ప్రభువు అందులో కూర్చుండి ప్రజలకు కనబడుటకే చేయబడినది. చూపబడుటయే దాని పని గనుక అది ఇప్పటికిని తన పనిలోనే యున్నది. వింటేజి వర్గమున నమోదైన బండి నిత్యవ్యవహారమునకు రోడ్డుపై తిరుగరాదనియు, ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతు వంటి వానికి మాత్రమే బయలుదేరవలెననియు 2021 నాటి నియమము చెప్పుచున్నది. ఆ వర్గమును కోరుకొన్నవారు ఆ నియమమునకు కట్టుబడవలసినదే. కాని నలుగురు కూర్చుండి గుడికి పోవుటకు పుట్టిన చిన్నబండికి అద్దములో నిలుచుట పదవీవిరమణయే గాని సన్మానము కాదు. ఇంతడబ్బు పాతబండిపై పెట్టవచ్చునా యను మరియొక ఆక్షేపము కలదు. ఋణము చేసియో, ఇంటివారి అవసరములు కుదించియో పెట్టినచో పెట్టరాదు. అంతకంటె దానిపై చెప్పవలసినది లేదు.

తిరిగి ఆగమము చెప్పిన ముగింపు చూడవలెను. తిరుమలలో పన్నెండేండ్ల కొకమారు అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణము జరుగును. 2018 ఆగస్టులో వైఖానసాగమోక్తముగా జరిగినది. స్వామి శక్తిని కుంభములలోనికి ఆవాహనము చేసి యాగశాలలో అర్చింతురు. గర్భాలయమున పీఠమునకు ఎనిమిది ద్రవ్యములతో చేసిన బంధనమును సమర్పించి, చేయవలసిన మరమ్మతులు చేసి, తిరిగి స్వామిని మూలమూర్తియందు వేంచేపు చేయుదురు. ఈ క్రమములో ఎక్కడను, పని ఎంత బాగుగా వచ్చినదో చూచి మురిసికొనుటకు ఒక దినము కేటాయింపబడలేదు. సంప్రోక్షణము ముగియగానే నైవేద్యము, నిత్యకైంకర్యము, భక్తుల దర్శనము. బంధనము కుదిరినదని కొలత చూచి కాదు, ఆరాధన తిరిగి ఆరంభమగుటచేతనే పని ముగిసినట్లు. పనిచేసిన శిల్పి ఆనాటినుండి గర్భాలయపు గడప దాటడు. నిన్నటివరకు ఉలితో ముట్టిన చోటును నేడు దూరమునుండి సేవించును. ఈ వెనుకకు తగ్గుటయే జీర్ణోద్ధరణములో చివరి పని. కష్టమైన పనియు అదియే.

శ్రీవైష్ణవులు ఏ కర్మ చేసినను మొదట, చివర సాత్త్వికత్యాగము చెప్పుకొందురు. చేయించినది భగవానుడే, తన ప్రీతికొరకే, తన వస్తువులతోనే అను భావముతో కర్తృత్వమును, మమకారమును, ఫలమును విడుచుట. సంధ్యావందనమున నోటితో చెప్పుట సులభము. నాలుగేండ్లు చేతులు నల్లగా చేసికొన్న పనియందు చెప్పుట సులభము కాదు. గీత పదునెనిమిదవ అధ్యాయము ప్రతి కార్యమునకు అయిదు హేతువులను లెక్కించినది: అధిష్ఠానము, కర్త, కరణములు, వివిధచేష్టలు, అయిదవది దైవము. ఆ దైవము అంతర్యామియైన పరమాత్మయే యనియు, కార్యసిద్ధికి ప్రధానహేతువు ఆయనయే యనియు రామానుజ భాష్యము. నేనే బాగుచేసితినను మాట ఈ అయిదింటిలో ఒకటిని పట్టుకొని నాలుగింటిని మరచుట. రేకు కోసినవాడు, సిలిండరు బోరు చేసినవాడు, సీటు కుట్టినవాడు, ఆ బుషులను ఎన్నో ఏండ్లు గుట్టలో పారవేయక ఉంచిన పాతసామాను వర్తకుడు – వీరందరిలోనుండి పని చేయించినవాడు ఒకడే. అయితే దైవమే చేసెనని చెప్పి పనివాని కూలి తగ్గించువారును లోకమున ఉన్నారు. కర్తృత్వత్యాగమనగా అది కాదు. జీవుని ప్రయత్నమును అనుసరించియే భగవానుడు ప్రవర్తింపజేయునని సిద్ధాంతము స్పష్టముగా చెప్పుచున్నది గనుక కూలి పూర్తిగా ఇచ్చిన పిదపనే త్యాగము చెప్పుకొనవలెను.

మమకారమును విడుచుట ఇంకను కష్టము. ఇందు ఆ కుమారుని బాధ అసలు ఎక్కడిదో తెలియును. షెడ్డులో పని జరుగుచున్నంతకాలము నాన్నగారు అక్కడ ఉన్నట్లే యుండెను. ఒక్కొక్క మరను విప్పునపుడు ఆయన చేతులు ఇక్కడ తగిలినవను తలపు. పని పూర్తియైనదని ఒప్పుకొనుట, ఆయన ఇంక రారని రెండవమారు ఒప్పుకొనుట. కర్మకాండ పండ్రెండు దినములలో ముగించుకొన్నవాడు ఈ కర్మను నాలుగేండ్లు పొడిగించెను. ఇది లోభము కాదు, శోకము. లోభమును మందలింపవచ్చును, శోకమును మందలింపరాదు. అయినను శోకము కూడ ఒక వస్తువును తనకొరకే పట్టియుంచుకొనవచ్చును. ఆ పట్టు వలన నష్టపడినది ఎవరు? ఆయన అర్ధాంగి, అదే బండిలో ముప్పదియేండ్లు గుడులకు తిరిగిన అమ్మ. ఆమెకు శోకము లేదా? ఆమె అడిగినది ఆ బండిలో స్వామిని చూచుట. అదియే ఆమె శోకమునకు దారి.

తిరుమల గర్భాలయపు గడపకు కులశేఖరపడి యని పేరు. కులశేఖర ఆళ్వారు రాజ్యమేలినవారు. వేంకటాద్రిపై కొంగగానో, చేపగానో, చెట్టుగానో పుట్టవలెనని కోరుకొని, చివరకు భక్తులును, దేవతలును త్రొక్కి నడచు మెట్టుగా పడియుండి స్వామి ముఖమును చూడవలెనని ప్రార్థించిరి. త్రొక్కబడనిచో మెట్టునకు సార్థక్యము లేదు. అరగుటకు భయపడు మెట్టు ఉండదు గదా. పూరీ క్షేత్రమున అక్షయతృతీయనాడు కొయ్యపని ఆరంభించి, ఆషాఢశుక్ల విదియనాటికి మూడు రథములు సిద్ధము చేయుదురు. నందిఘోషమునకు 16 చక్రములు, తాళధ్వజమునకు 14, దర్పదళనమునకు 12. యాత్ర ముగిసి స్వాములు శ్రీమందిరమునకు చేరిన పిదప ఆ రథములను విప్పివేయుదురు. ఆ కొయ్యలో కొంత మహాప్రసాదము వండు పొయ్యిలకు కట్టెయగును. ఆ వడ్రంగులు రథము చెడునని ఏడ్చినట్లు ఎవరును చెప్పలేదు. మరుసటి యేట అక్షయతృతీయకు మరల వత్తురు.

ఈ విచారమంతయు శాస్త్రమునుండి వచ్చినది. ఆశ్చర్యమేమనగా, ఇంజను కూడ ఇదే చెప్పును. సిలిండర్లు బోరు చేయించి క్రొత్త రింగులు వేసిన ఇంజను, వేసిననాడు పూర్తి కాదు. రింగు ఎంత చక్కగా చేయబడినను సిలిండరు గోడతో అంతటను కలియదు. బండి బరువు మోయుచు నడచినపుడు, ఒకదానితో ఒకటి రాసుకొని, గరుకు అణగి, రెండును ఒకటిగా పొందును. అంతవరకు వేగము మీరక, ఇంజనును అలయింపక, వేయి కిలోమీటర్లకు పైగా నడుపవలెనని మెకానికులు చెప్పుదురు. షెడ్డులో నిలిపి ఊరక మ్రోగించినచో ఆ పొందిక రాదు. బరువు లేనిచో రింగు గోడను గట్టిగా తాకదు. ఇక నడపక ఉంచిన బండికి వేరు తుప్పులు పట్టును. పెట్రోలు జిగురగును. బ్రేకు సిలిండర్లు పట్టుకొనిపోవును. రబ్బరు గొట్టములు బీటలువారును. నాలుగేండ్ల శ్రమను కాపాడుటకు పెట్టిన ముసుగు క్రిందనే ఆ శ్రమ కరగిపోవుచుండును.

మెకానికు ఈ మాట చెప్పిన దినముననే కుమారుడు బండి తీసియుండవచ్చును. శాస్త్రవాక్యముకంటె పనివాని మాట కొన్ని వేళల త్వరగా చెవికెక్కును. రెండును ఒకచోటినుండి వచ్చినవే గనుక అందు చిన్నతనము లేదు. ఊరి గుడి ముందు వాహనపూజ జరిగినది. అర్చకస్వామి బానెటుపై తిరుమణి దిద్ది, తులసి ఉంచి, చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టించిరి. అరవన్నె ముదురైన రంగుపై పసుపునీరు కారినది. కుమారుడు గుడ్డ తీయబోయి ఊరకుండెను. అమ్మగారు వెనుక సీటులో ఎడమప్రక్కన కూర్చుండిరి. అది ఆమెకు అలవాటైన చోటు. డబ్బాలోని అర్చన చీటీని కుమారుడు ఆమె చేతికిచ్చెను. ఆమె అద్దములు పెట్టుకొని చూచి, అక్షరములు కనబడకపోయినను ఏ సంవత్సరపు యాత్రదో చెప్పిరి.

మొదటి వారముననే ఎడమతలుపునకు ఒక గీత పడినది. ఆమె చేతికఱ్ఱ కొన తగిలి పడిన గీత. దానిపై రంగు వేయించుట సులభమే గాని కుమారుడు వేయింపలేదు. నెమ్మదిగా, గంటకు నలుబది కిలోమీటర్లు మించక, చుట్టుప్రక్కల కోవెలలకు తిరుగుచు కిలోమీటర్లు పూర్తిచేసిరి. ఆ పిదప మెకానికు నూనె దింపించెను. పళ్లెములో పడిన నల్లని నూనెలో సన్నని ఇనుపరజను మెరసినది. రింగులు కూర్చున్నవని అతడు సంతసించి, క్రొత్త నూనె పోసి, తలభాగపు బోల్టులను మరల బిగించెను. వచ్చు ఏకాదశికి ద్వారకాతిరుమల యని అమ్మగారు అప్పటికే చెప్పియుంచిరి.